సూది ఎగిరిపడే చప్పుడు

మా ఇంట్లో గోడకు రెండు మేకులుండేవి. ఒకదానికి దీపం బుడ్డి, ఇంకోదానికి తాత డప్పు. నాకు టీచరు ఉద్యోగం వచ్చిన ఏడాది డప్పు మేకు ఖాళీ అయింది. ఖాళీ చేయించింది ఎవరో కాదు, నేనే. "ఇంక ఊళ్ళె సావులకు పోవద్దు నాయినా. సారు తండ్రి పీనుగు ముంగల డప్పు కొడుతుండని బడిపిల్లలు అనుకుంటరు" అన్నాను. నాయిన ఒక్క మాట అనలేదు. డప్పును గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టిండు.

ఆ తర్వాత ఏడేళ్ళు నేను చేసిన పనేందంటే పాత గ్రామఫోను రికార్డులు వెతికి కొనడం. ఇంట్లో చప్పుడును అటకెక్కించి బజార్లో చప్పుడు కొనుక్కున్నోణ్ణి. ఈ వ్యాసం ఆ సిగ్గు కథ. ఒక చప్పుడు చరిత్ర కూడా.

మా ఇంటిల్లిపాదిలో డిగ్రీ చదివింది నేనే మొదలు. హాస్టల్లో రాత్రుళ్ళు అమెరికా నల్లవాళ్ళ పోరాటాల గురించి మాట్లాడుకునేవాళ్ళం. బ్లాక్ పాంథర్ల పేరు తీసుకొని 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. 1946లో బాబాసాహెబ్, నల్లజాతి మేధావి డుబోయిస్‌కు ఉత్తరం రాసి, వాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న విజ్ఞప్తి ప్రతులు పంపమని అడిగిండు. ఇవన్నీ చదివినం. "వాళ్ళ రాత చదివినం సరే, వాళ్ళ చప్పుడెట్లుంటది?" అన్నాడొక దోస్తు. కంప్యూటర్లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1925లో చికాగోలో చేసిన రికార్డు వినిపించిండు. మాట ఒక్కటి అర్థం కాలేదు. కాలు మాత్రం ఊరుకోలేదు.

జీతం మొదలయ్యాక సెలవు గురువారం వస్తే హైదరాబాదు బస్సెక్కి జుమేరాత్ బజారుకు పోయేవాణ్ణి. ఇనుప సామాన్లు, పాత చెప్పులు, విరిగిన ఫ్యాన్ల మధ్యన రికార్డులు కుప్పగా పడి ఉండేవి. దుమ్ము తుడిచి, వెలుతురుకు పట్టి, గీతలు చూసి కొనుక్కునేవాణ్ణి. జాజ్ ఎల్పీలు అరుదుగా దొరికేవి. కర్ణాటక, హిందుస్తానీ సంగీతం రికార్డులు ఎక్కువ.

ఒకసారి ఒక రిటైర్డు ఆఫీసరు తన రికార్డులు అమ్ముతున్నాడని తెలిసి వాళ్ళింటికి పోయిన. ఊరి పేరు, ఇంటిపేరు అడిగిండు. రెండూ చెప్పేసరికి ఆయనకు కావాల్సింది తెలిసిపోయింది. "మీకెందుకండీ ఇవి? మీవాళ్ళ డప్పు పాటలు సీడీల్లో దొరుకుతాయి కదా. ఇది శాస్త్రీయం, దీనికి చెవి తయారవ్వాలి" అన్నాడు నవ్వుతూనే. నేను జవాబు చెప్పలేదు. అడిగినంత ధర ఇచ్చి రికార్డులు సంచిలో పెట్టుకొని వచ్చిన. నోట్లో ఉండిపోయిన జవాబు నాకు ఆ రికార్డుల్లోనే దొరికింది.

దొరికింది కూడా లేనిదాన్ని వెతుకుతుంటే. కింగ్ ఆలివర్ బృందం 1923 పాటలున్న ఎల్పీ ఒకటి వింటున్నా. కొమ్ములు, క్లారినెట్, పియానో అన్నీ ఉన్నాయి. డ్రమ్ము ఏది? బేబీ డాడ్స్ అంతటి డ్రమ్మరు ఆ బృందంలో ఉన్నాడు. వినబడేది మాత్రం చెక్కముక్క మీద టకటక.

అప్పట్లో మైకు లేదు. పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు అందరూ ఒక పెద్ద గరాటు ముందు నిలబడాలె. ఆ చప్పుడు అదురుకు గరాటు చివరి సూది కదిలి మైనపు పళ్ళెం మీద గీత గీస్తుంది. పెద్ద డ్రమ్ము కొడితే సూది ఎగిరిపడి గీత చెడిపోతుంది. అందుకని డాడ్స్ చేతికి చెక్కముక్కలిచ్చారు. ఆర్మ్‌స్ట్రాంగ్ ఊదుడు కూడా ఎక్కువైతుందని ఆయన్ను మిగతావాళ్ళ వెనక దూరంగా నిలబెట్టారట. ఆ బృందంలో పియానో వాయించిన లిల్ హార్డిన్ తర్వాత ఈ సంగతి చెప్పింది. నేను హాస్టల్లో విన్న 1925 నాటి ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం హాట్ ఫైవ్‌లో అసలు డ్రమ్మరే లేడు. మైకుతో రికార్డు చేసే పద్ధతి వచ్చాక, 1927 మేలో, హాట్ సెవెన్‌లోకి డాడ్స్ వచ్చిండు.

ఇది యంత్రం చేసిన తప్పే అనుకుందాం. మరి మనుషులు చేసింది? నల్లవాళ్ళు పుట్టించిన జాజ్‌కు మొదటి రికార్డు 1917లో వచ్చింది. చేసింది తెల్లవాళ్ళ బృందం. 1920లో మామీ స్మిత్ పాడిన 'క్రేజీ బ్లూస్' విపరీతంగా అమ్ముడుపోయాక, నల్లవాళ్ళు కూడా డబ్బులిచ్చి రికార్డులు కొంటారని కంపెనీలకు తెలిసింది. వెంటనే వాళ్ళకు వేరే జాబితా వేసి 'రేస్ రికార్డులు' అని పేరు పెట్టారు. హోటల్లో రెండు గ్లాసుల సంగతి తెలిసిన మనకు ఇది విప్పి చెప్పాల్సిన పని లేదు. చాయ్ అదే, పైసలు అవే, గ్లాసు వేరు. ఆలివర్ బృందం ఏప్రిల్ 1923లో మొదటి రికార్డులు చేసింది ఇండియానా రాష్ట్రం రిచ్‌మండ్ ఊళ్ళో, జెనెట్ కంపెనీలో. నల్లవాళ్ళను చంపి చెట్లకు వేలాడదీసిన కు క్లక్స్ క్లాన్ పాటలను కూడా అదే కంపెనీ కిరాయికి అచ్చేసి ఇచ్చింది.

ఇక మన రికార్డుల సంగతి. 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ గరాటు ముందు పాడింది. పాట అయిపోగానే ఇంగ్లీషులో తన పేరు గట్టిగా చెప్పేది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలో. అక్కడివాళ్ళకు ఎవరి పాటో తెలియాలె కదా. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు రోమాలు లేచేవి. మర్యాదస్తులు ఇంటికి రానివ్వని తవాయిఫ్, తన పేరు తానే చరిత్రలో గీసుకుంది.

కానీ రికార్డు మీద పేరు లేనివాళ్ళు చాలామంది. ఆ నల్ల పళ్ళెం లక్కతో చేసింది. ఛోటానాగపూర్ అడవుల్లో ఆదివాసీలు కొమ్మల మీంచి గీకి తెచ్చిన లక్క. ఇక మృదంగం. పనస మొద్దుకు ఆవు, మేక, బర్రె తోళ్ళు బిగిస్తేనే అది మృదంగం. ఆ తోళ్ళు శుభ్రం చేసి, కోసి, బిగించేది ఎవరు? పాల్ఘాట్ మణి అయ్యర్ మృదంగాలు చేసిన పర్లాంద్ దళిత క్రైస్తవుడు. అలాంటి కుటుంబాల చరిత్రను టి.ఎం. కృష్ణ 2020లో పుస్తకంగా రాస్తే గానీ చాలామందికి ఆ పేర్లు తెలియలేదు. తోలు బిగించేవాడికి శ్రుతి తెలియాలె. ఒక్క పిసరు అటూఇటూ అయినా మృదంగం పలకదు. ఆఫీసరు గారూ, మా చెవి తయారయ్యాకనే మీ శాస్త్రీయం మోగింది. ఇదే నా జవాబు.

జవాబు దొరికింది గానీ మనసు నిమ్మళం కాలేదు. డాడ్స్ డ్రమ్మును దూరం పెట్టింది సూది. మా తాత డప్పును అటకెక్కించింది నేను. వెట్టి కింద కొట్టిన డప్పును వదిలెయ్యడంలో ఆత్మగౌరవం ఉంది, కాదనను. అయితే 1994లో దండోరా ఉద్యమం అదే డప్పును భుజానికేసుకొని, పేరు పక్కన మాదిగ అని రాసుకొని నడిచింది. అప్పటికి నాకు మాటలు సరిగ్గా రాలేదు. మాటలొచ్చి, చదువొచ్చి, ఉద్యోగమొచ్చినంక కూడా డప్పును వెట్టిని వేరు చేసి చూడలేకపోయిన.

మొన్న సంక్రాంతి సెలవుల్లో నేనే అటకెక్కి గోనెసంచి దించిన. నాయిన నా మొహం చూసిండు. వాకిట్లో గడ్డి మంటేసి డప్పు కాపిండు. సిర్ర, సిటికెన పుల్ల చేతికి తీసుకున్నడు. ఫోను దగ్గర పెట్టి రికార్డు చేస్తే చప్పుడంతా పగిలిపోయి వచ్చింది. మళ్ళీ 1923 గుర్తొచ్చింది. ఈసారి డప్పును దూరం పెట్టలేదు. ఫోనునే తీసుకపోయి పన్నెండడుగుల అవతల వేపకొమ్మకు కట్టిన.

మీ వాడల్లో కూడా ఇంకా కొట్టగల చేతులు, పాడగల గొంతులు ఉంటయి. ఏ కంపెనీ వచ్చి వాటిని రికార్డు చెయ్యదు. మనమే చేసుకోవాలె, పేర్లతో సహా.

"నాయినా, ముందు నీ పేరు చెప్పు" అన్నాను.

"నా పేరెందుకు బిడ్డా?"

"రికార్డు గదా. పేరుండాలె."

నాయిన గొంతు సవరించుకున్నడు. తన పేరు చెప్పిండు. తన తండ్రి పేరు చెప్పిండు. ఆ డప్పుకు తోలు మూసిన ముత్తాత పేరు చెప్పిండు. ఆ పేరు నేను వినడం అదే మొదలు. అప్పుడు సిర్ర లేపిండు.