రింగెన్ (జర్మన్ మల్లయుద్ధ విద్య)

రింగెన్ అనునది మధ్యయుగాల చివరి కాలంలో జర్మన్ భాషా ప్రాంతాలలో వర్ధిల్లిన మల్లయుద్ధ విద్య. జర్మన్ భాషలో ఈ మాటకు కుస్తీ పట్టడం అనియే అర్థం. అయితే నాటి గురువులు దీనిని రెండు విధాలుగా చూచినారు. వినోదానికి, బలపరీక్షకు స్నేహపూర్వకంగా పట్టే కుస్తీ ఒకటి. ప్రాణరక్షణకై చేసే పోరు రెండవది. ఈ రెండవదానినే కాంఫ్‌రింగెన్ అంటారు. 15, 16 శతాబ్దాల వ్రాతప్రతులు, అచ్చు పుస్తకాలు దీనికి ప్రధాన ఆధారాలు.

నేపథ్యం

ఖడ్గం చేత ఉండగా కుస్తీతో పనియేమి అన్న సందేహం కలుగవచ్చు. ఉక్కు రేకుల కవచాన్ని కత్తి అంచు కోయలేదు. కవచధారులు ఇద్దరు తలపడినప్పుడు ఎదుటివానిని పడద్రోసి, శిరస్త్రాణపు కంటి సందులోనో చంకలోనో బాకు దూర్చడం ముఖ్యమైన ఉపాయం. కవచం లేని కత్తిపోరులో సైతం, చేతులు తగులునంత దగ్గరైనప్పుడు పట్టు తెలిసినవానిదే పైచేయి. అందుచేతనే ఖడ్గవిద్యా గురువు యోహానెస్ లీఖ్టెనావర్ సంప్రదాయంలో కుస్తీకి పెద్ద స్థానం లభించినది.

సాక్ష్యాలతో తేలని వివాదాలను ద్వంద్వయుద్ధంతో తేల్చే ఆచారం కూడా నాడు ఉండేది. హాన్స్ టాల్‌హోఫర్ 1467 నాటి గ్రంథంలో భార్యాభర్తల మధ్య జరిగే అటువంటి పోరును బొమ్మలుగా చూపించినాడు. భర్త నడుములోతు గుంటలో నిలబడి దుడ్డుకర్రతో పోరాడతాడు. భార్య గుడ్డలో కట్టిన రాయిని త్రిప్పి కొడుతుంది. చివరకు ఇరువురూ ఒకరినొకరు ఒడిసిపట్టి లాగుకొనుటే కనిపిస్తుంది.

ఓట్ బోధన

ఈ విద్యలో మిక్కిలి ప్రసిద్ధుడు ఓట్. ఈయన యూదుడు. క్రైస్తవ మతం స్వీకరించినాడని కొన్ని వ్రాతప్రతులు చెబుతున్నవి. 1470 ప్రాంతంలో పాలుస్ కాల్ అను గురువు తన గ్రంథంలో ఓట్‌ను ఆస్ట్రియా ప్రభువుల కుస్తీ గురువుగా పేర్కొన్నాడు. అదే ఆస్ట్రియాలో 1421లో డ్యూక్ ఐదవ ఆల్బ్రెక్ట్ వియన్నా యూదులలో అనేకులను సజీవదహనం చేయించినాడన్నది గుర్తుంచుకొనదగిన విషయం. పీటర్ ఫాన్ డాన్‌జిగ్ పేరుతో ప్రసిద్ధమైన 1452 నాటి వ్రాతప్రతిలోను, మరికొన్నింటిలోను ఓట్ పాఠం చేరినది.

కుస్తీకి నేర్పు, వేగం, బలాన్ని సరిగా వినియోగించుట అనే మూడు కావాలని ఓట్ అంటాడు. మూడింటిలో వేగమే ఉత్తమం. ఎదుటివానికి ప్రతిక్రియ చేసే వ్యవధి దానివలన దొరకదు. ఆపైన ప్రత్యర్థిని బట్టి కాలాన్ని ఎంచుకోవాలి. ఎదుటివాడు బలహీనుడైతే ముందుగా తానే కదలాలి. అక్కడ చూడవలసినది వేగం. సమానుడైతే అతనితోపాటే కదలాలి. అక్కడ చూడవలసినది శరీరపు తూకం. తనకంటె బలవంతుడైతే అతని కదలిక తర్వాతనే కదలాలి. అప్పుడు మోకాటి వెనుక మడతపై దృష్టి నిలపాలి. బలవంతుడు త్రోసుకొనివచ్చి బరువు ముందు కాలిమీద వేసినప్పుడు, ఆ మడత వద్ద పట్టి లాగితే అతని బలమే అతనిని పడవేస్తుంది.

ఔగ్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోని వాల్లర్‌స్టైన్ వ్రాతప్రతి ఈ విషయాన్ని మరింత సూటిగా చెబుతుంది. స్నేహపు కుస్తీలో బలవంతునిదే ఎల్లప్పుడు మేలు. ప్రాణాపాయమైన పోరులో మాత్రం, చురుకుదనం, మర్మస్థానాలపై దెబ్బలు నేర్చిన బలహీనుడు బలవంతునికి సమానం కాగలడు. వినోదానికి పనికిరానివని విడిచిన పట్లే ఇక్కడ పనికివస్తాయి. మోచేతిని కీలుకు ఎదురుగా విరుచుట, వ్రేళ్ళను వెనుకకు వంచుట, కణతపై, గొంతుపై, గజ్జలలో కొట్టుట ఇటువంటివి. తుంటిమీదుగా ఎత్తివేయుట, కాలు అడ్డుపెట్టి పడద్రోయుట రెండింటికీ సామాన్యం.

అచ్చు పుస్తకాలు

చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1512లో సుమారు 120 కుస్తీ బొమ్మలు గీసినాడు. వాటిలో చాలా భాగానికి వాల్లర్‌స్టైన్ ప్రతి బొమ్మలే మూలం. 1539లో విట్టెన్‌బెర్గ్‌లో ఫాబియన్ ఫాన్ ఔవర్స్వాల్డ్ పుస్తకం వెలువడినది. 1462లో జన్మించిన ఈ సాక్సనీ ఆస్థాన గురువు పట్లను 85 చెక్క అచ్చు బొమ్మలలో చూపించినారు. బొమ్మలు లూకాస్ క్రానాక్ చిత్రశాలవి. లూథర్ బైబిలును 1534లో అచ్చువేసిన హాన్స్ లుఫ్ట్ దీనిని ముద్రించినాడు. డెబ్బది అయిదేండ్ల వృద్ధుడు పడుచువారిని పడవేయడం ఈ బొమ్మలలో చూడవచ్చును.

తుపాకులు పెరిగి కవచాల అవసరం తగ్గినా, వీధి తగాదాలు మిగిలినవి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ద్రాక్షసారా వర్తకుడైన నికొలాస్ పెట్టర్ కుస్తీ కూడా నేర్పేవాడు. ఆయన మరణించిన రెండేండ్లకు, 1674లో, ఆయన పుస్తకం రోమెయ్న్ డి హూఖ చెక్కిన 71 చిత్రాలతో వచ్చినది. రొమ్ముమీది బట్ట పట్టుకొన్నవానిని, జుట్టు పట్టినవానిని, పిడికిలితో కొట్టవచ్చినవానిని, కత్తి దూసినవానిని ఎట్లు ఎదుర్కొనాలో అందులో వరుసగా ఉన్నది.

పునరుద్ధరణ

ఈ విద్యలో గురుశిష్య పరంపర తెగిపోయినది. 1870లో కార్ల్ వాస్‌మన్స్‌డోర్ఫ్ డ్యూరర్ బొమ్మలతో మధ్యయుగపు జర్మన్ కుస్తీపై గ్రంథం ప్రచురించినాడు. 1990ల నుండి ఐరోపా, అమెరికాలలో ఔత్సాహికులు పాత ప్రతులను చదివి, బొమ్మలలోని పట్లను ఒకరిపై ఒకరు ప్రయోగించి చూస్తూ ఈ విద్యను మరల సాధన చేస్తున్నారు. కీళ్ళు విరిచే పట్లను మాత్రం నొప్పి మొదలగు చోటనే ఆపివేస్తారు.