సుంకరి ముందు ఉక్కు దూలం

మా తాతగారు చెరకుతోటల పనికి ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు వెళ్లినవారు. మా నాన్నగారు, నేను అక్కడే పుట్టాము. అమెరికా వచ్చి ముప్ఫై ఏళ్లు బడిలో చరిత్ర చెప్పాను. తెలుగు మాత్రం యాభై దాటాక సాయంకాలపు తరగతిలో అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నాను. కనుక భాషలో తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

ఆ తరగతిలో నా పక్కన కూర్చునే మిత్రుడికి ఇనుప పనుల చిన్న కార్ఖానా ఉండేది. 2019లో ఆయన సముద్రం అవతలి నుంచి ఉక్కు దూలాలు తెప్పించారు. ఒక హాలు కట్టడానికి కావలసిన సరుకు గనుక కాగితాల మీద "కట్టడపు భాగాలు" అని రాయించారు. ఆ దూలాలకు ఒక్క రంధ్రం లేదు, ఒక్క అతుకు లేదు. పొడవు చూసి కోసిన వట్టి దూలాలు. ఏడాది తిరగకముందే తాఖీదు వచ్చింది. సరుకు విలువలో నాలుగోవంతు సుంకం, దాని మీద వడ్డీ కట్టాలి. ఆ సొమ్ము కోసం ఆయన ఒక యంత్రం అమ్ముకున్నారు, ఇద్దరు పనివాళ్లను మానిపించారు. "ఒక్క పేరు తప్పు రాసినందుకా మాస్టారూ, ఇంత?" అని నన్ను అడిగారు. ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను. తరువాత చదివి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

సరుకుకు పేరు పెట్టి సుంకం కట్టించడం మన తెలుగువారికి కొత్త సంగతి కాదు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. పూర్వపు రాజులు గాలివానకు ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని సరుకంతా లాగుకొనేవారు. ఇకమీదట అలా జరగదని ఆయన వర్తకులకు అభయమిచ్చాడు. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్ఫైలో ఒక వంతు మాత్రమే అన్నాడు. అక్కడితో ఆగక చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, రాగి, సీసం, పట్టు అంటూ పేరుపేరునా సరుకులు చెప్పి, వేటికెంతో రాయించాడు. ఆ పట్టికలో కర్పూరంలోనే దేశవాళీది వేరు, చీనాది వేరు. అంటే ఆనాటి రేవులోనూ సుంకరి మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇది ఏమిటి?"

అమెరికా ప్రభుత్వం పుట్టిన ఏడాదే ఆ ప్రశ్న ఇక్కడా వచ్చింది. 1789 జులై 4న వాషింగ్టన్ సంతకం చేసిన సుంకాల చట్టంలో, పని చేయని ఉక్కుకు 112 పౌన్లకు 56 సెంట్లు సుంకం. మేకులకైతే పౌనుకు ఒక సెంటు. లెక్క వేసి చూడండి. అదే బరువుకు మేకులైతే రెట్టింపు పడుతుంది. ముడిసరుకుకు ఒక ధర, మనిషి చెయ్యి పడిన సరుకుకు ఇంకొక ధర అన్న నియమం ఈ దేశంలో మొదటి నుంచీ ఉన్నదే.

తరువాత ఉక్కు అంటే ఏమిటన్నదే పెద్ద తగాదా అయింది. మన భాషలో ఇనుము వేరు, ఉక్కు వేరు. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసలలో కరిగించి చేసిన ఉక్కును కొనడానికి పారశీక వర్తకులు వచ్చేవారని హెన్రీ వోయిజీ రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. కత్తులకు పేరు తెచ్చిన ఆ లోహాన్ని పాశ్చాత్యులు "వూట్జ్" అన్నారు. అది మన ఉక్కు, కన్నడిగుల ఉక్కు అన్న మాట నుంచి వచ్చిందేనని పలువురు పండితుల అభిప్రాయం. మనవారికి మూస చూస్తే తెలిసిపోయేది. కాని 19వ శతాబ్దంలో బెస్సెమర్ మొదలైన కొత్త పద్ధతులు వచ్చాక ఏది ఇనుమో, ఏది ఉక్కో సుంకాధికారులకు తేలలేదు. చివరకు 1883 చట్టంలో అమెరికా కాంగ్రెసు నిర్వచనం రాసింది. ఇనుము నుంచి వచ్చి, పోత పోసినదై, సుత్తెకు సాగే లోహమైతే, అందులో కార్బను ఎంత ఉన్నా, ఏ పద్ధతిలో చేసినా ఉక్కే అన్నది.

ఆ 1883 చట్టం కిందనే మన వంటింటికి దగ్గరైన ఒక వ్యాజ్యం కూడా నడిచింది. పండ్లకు సుంకం లేదు, కూరగాయలకు నూటికి 10 వంతులు. న్యూయార్కు రేవులో నిక్స్ అనే వర్తకుడు, టమాటా కాయ గనుక పండేనని వాదించాడు. 1893లో సుప్రీంకోర్టు, వృక్షశాస్త్రం ఏమి చెప్పినా జనం భోజనంలో కూరగానే వాడుతున్నారు కనుక అది కూరగాయేనని తీర్పు ఇచ్చింది. టమాటాకు రామములక్కాయ అని పేరుపెట్టి కూరల బుట్టలో వేసిన మన కోస్తావారు కోర్టుకు వెళ్లకుండానే ఆ సంగతి తేల్చుకున్నారు!

ఇక దూలాల సంగతి. 1885లో షికాగోలో హోమ్ ఇన్సూరెన్సు భవనం లోహపు చట్రం మీద లేచింది. 1908లో బెత్లెహేములో హెన్రీ గ్రే పద్ధతి మిల్లు వెడల్పు రెక్కల దూలాలను ఒకే ముక్కగా చుట్టసాగింది. ఆకాశాన్నంటే మేడలు అలా వచ్చాయి. ఆకారాలు పెరిగిన కొద్దీ సుంకపు పట్టికలో వరుసలూ పెరిగాయి. దేశానికొక పట్టిక ఉండటం వర్తకానికి చిక్కు గనుక 1983లో బ్రస్సెల్సులో ఒక ఒప్పందం కుదిరింది. అది 1988లో అమలులోకి వచ్చింది. అమెరికా 1989 జనవరి 1న తన 1963 నాటి పట్టికను వదిలి దానిలో చేరింది. ఒప్పందంలో చేరిన దేశాలన్నిటికీ సరుకు సంఖ్యలో మొదటి 6 అంకెలు ఒకటే. అమెరికా మరో 4 చేర్చి 10 చేసింది.

ఈ పట్టికలో ఉక్కు 72వ అధ్యాయం. దూలాలు, చానెళ్లు, యాంగిళ్లు 7216 కింద వస్తాయి. వీటికి చెప్పిన లక్షణం, పొడవంతా అడ్డుకోత ఒకేలా ఉండాలి, లోపల గుల్ల ఉండరాదు. గుల్ల ఉంటే అది గొట్టాల వరుసకు పోతుంది. ఆపైన చూసేది ఆకారం: యు, ఐ, హెచ్ ఒక పక్క, ఎల్, టి మరొక పక్క. తరువాత ఎత్తు. 80 మిల్లీమీటర్ల లోపు ఒక గది, 80, ఆపైన మరొక గది. తరువాత వేడిగా చుట్టినదా, చల్లగా వంచినదా అన్నది. పలకలు అతికి చేసిన దూలమైతే 7301కి, రైలు పట్టా అయితే 7302కి వెళుతుంది. బోరాను అనే ధాతువు నూటికి 0.0008 వంతు చేరినా అది మిశ్రమ ఉక్కు అయిపోయి, దూలం 7228కి మారుతుంది. కంటికి రెండు దూలాలూ కవల పిల్లలే. కాగితం మీద మాత్రం గోత్రాలు వేరు!

రంధ్రాలు తొలిచి, చివరలు మలిచి, కట్టడంలో బిగించడానికి సిద్ధం చేసినదైతే 73వ అధ్యాయంలోని 7308. మా మిత్రుడు పొరబడినది ఇక్కడనే. మామూలు సుంకం రెండు వరుసలకూ సున్నాయే. కాని 1962 నాటి వాణిజ్య చట్టం 232వ సెక్షను కింద 2018 మార్చి 23 నుంచి ఉక్కు మీద 25 శాతం అదనపు సుంకం వేశారు. ఆనాడు వట్టి దూలాలు ఆ జాబితాలో ఉన్నాయి, 7308 లేదు. 2025 మార్చిలో 7308ని కూడా చేర్చారు. అదే ఏడు జూన్ 4 నుంచి 50 శాతానికి పెంచారు. మా మిత్రుడు మోసం చేయలేదు. ఆయన మనసులో ఆ దూలాలు అప్పటికే హాలుగా నిలిచి ఉన్నాయి. సుంకరి మాత్రం కొన్నవాడి మనసును చూడడు. ఓడ దిగిన నాడు సరుకు ఎలా ఉన్నదో దానినే చూస్తాడు.

1993 చట్టం ప్రకారం సరైన పేరు రాసే బాధ్యత దిగుమతిదారుదే. "ఏజెంటు చెప్పాడు" అంటే సరిపోదు. అయితే సరుకు రాకముందే బొమ్మ గీసి, కొలతలు, మిల్లు వారి పరీక్షాపత్రం జతచేసి "దీని సంఖ్య ఏది?" అని కస్టమ్సు వారిని లిఖితపూర్వకంగా అడగవచ్చు. రుసుము లేదు. లెక్క తేల్చిన తరువాత 180 రోజులలో అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఈ రెండు దారులూ ఆయనకు అప్పుడు తెలియవు, నాకూ తెలియవు. మనలో చిన్న వ్యాపారాలు చేసుకొనేవారు తెలుసుకుంటారని ఇక్కడ రాస్తున్నాను.

చివరగా ఒక్క మాట. విశాఖ ఉక్కు మిల్లులోనూ ఈ యాంగిళ్లు, చానెళ్లు, దూలాలు తయారవుతాయి. ఆ కర్మాగారం కోసం 1966లో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అంటూ ఉద్యమించినవారిలో ముప్ఫై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. అంత వెల కట్టి సాధించుకున్న ఉక్కు కూడా రేవు చేరితే ఒక సంఖ్యగానే దిగుతుంది. ఆ సంఖ్య వెనుక ఉన్న కథ పిల్లలకు మనం చెప్పకపోతే మరెవరూ చెప్పరు.

మా మిత్రుడు ఇప్పుడు మళ్లీ తరగతికి వస్తున్నారు. మొన్న ఆయన పలకలాంటి తన నోటు పుస్తకంలో "ఇనుము", "ఉక్కు" అని రెండు మాటలు పక్కపక్కన రాసి, తేడా తన మనుమరాలికి చెబుతూ కనిపించారు.