వల విసిరిన చేయి

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన పూర్వ విద్యార్థులు అడగగానే, సాంఘిక శాస్త్రం చెప్పిన ఈ ముసలి మాస్టారికి తొమ్మిదో తరగతిలోని ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది.

ఆ రోజు రోమ్ పాఠం. క్రీ.పూ. 264లో ఒక పెద్దమనిషి అంత్యక్రియల్లో మూడు జతల మనుషుల చేత పోరాటం చేయించారు. ఆ ఆచారమే పెరిగి పెరిగి ప్రజలకు వినోదమైంది. క్రీ.శ. 80లో కొలోసియం తెరిచినప్పుడు 100 రోజులు ఉత్సవాలు జరిగాయి. మన వంశధార ఒడ్డున శాలిహుండం కొండ బౌద్ధ క్షేత్రంగా ఉన్న కాలమది. పోరాడేవారిలో ఎక్కువమంది యుద్ధఖైదీలు, బానిసలు, శిక్షపడ్డవారు. వారిలో రెటియారియస్ అనేవాడికి శిరస్త్రాణం ఉండదు. వల, త్రిశూలం, చిన్న కత్తి, అంతే. ఇంతవరకు చెప్పి, "గోదాలోకి దిగినవాణ్ణి కళ్ళారా చూసినట్టు వర్ణించండి" అన్నాను.

పేపర్లన్నీ సినిమా ఫైటింగులే. సింహంలా గర్జించాడు, నెత్తురు ఏరులై పారింది. కళింగపట్నం వైపు నుంచి వచ్చే ఒక కుర్రాడి పేపరు నిండా అక్షర దోషాలు. ఎర్ర సిరాతో దిద్ది, పదికి నాలుగు వేశాను. తర్వాత మళ్ళీ చదివితే చేయి ఆగిపోయింది. వల మడత భుజం మీద ఎలా వేసుకోవాలో, విసిరేముందు ఎదుటివాడి కాళ్ళనే ఎందుకు చూడాలో రాశాడు. వల తాడు మణికట్టుకు కట్టుకున్నాడనీ రాశాడు. తాడు సంగతి నేను చెప్పనేలేదు.

"నీకెవరు చెప్పారురా?"

"ఎవరూ సెప్పనేదు మాస్టారండీ. తాడు కట్టుకోకపోతే వల సంద్రంలోనే ఉండిపోద్ది కదండీ. మా అయ్య రోజూ ఇసిరేదే కదా."

పుస్తకాలు తిరగేస్తే నిజమే, రెటియారియస్ వలకూ తాడుండేది. మర్నాడు వాడు తండ్రి విసురు వల తెచ్చి వరండాలో విసిరాడు. సీసపు గుళ్ళు గచ్చు మీద గలగలమన్నాయి. వలవాడి ప్రత్యర్థి శిరస్త్రాణం ఎందుకు గుండ్రంగా, నున్నగా ఉండేదని అడిగాను. "వల జారిపోడానికండీ!" అన్నారు పిల్లలు. ఈసారి రాసిన పేపర్లలో సింహాలు లేవు. తడి తాడు, చెమట పట్టిన అరచేయి, గురి తప్పితే ఏమవుతుందోనన్న భయం ఉన్నాయి. రోమన్ మొజాయిక్ బొమ్మలు మనిషి ఎలా నిలబడ్డాడో చూపిస్తాయి. వల బరువు తెలియాలంటే విసిరిన చేతినే అడగాలి. చరిత్ర పాఠం చెప్పడం నాకు ఆ రోజే తెలిసింది.

వాడు పదితో చదువు ఆపి గుజరాత్‌లోని వేరావల్ బోట్లకు వెళ్ళిపోయాడు. 2018 చివర్లో మన మత్స్యకారుల్ని పాకిస్తాన్ పట్టుకుందని తెలిసినప్పుడు, పేపర్లో పేర్లన్నీ వేలు పెట్టి చదివాను. వాడి పేరు లేదు. అయినా 2020 జనవరిలో వాళ్ళు వాఘా దాటి వచ్చేదాకా మనసు కుదుటపడలేదు.

ఆ నాలుగు మార్కులు మాత్రం నేను దిద్దలేదు. ఈ సంచిక ఎవరి ద్వారానైనా నీ చేతికి అందితే, నాయనా, నీకు పదికి పది.