ఇల్లు ఓనరుది, మరి సామాను?

అద్దెకుంటున్న ఇల్లు అమ్మకానికి పెట్టారంటే ఆ కొన్నాళ్లూ మన కాపురం ఎగ్జిబిషనే. ఆదివారం పొద్దున్నే బ్రోకరు, వెనకాల కొనేవాళ్లు, వాళ్ల బావమరిది, ఆయన వెంటబెట్టుకొచ్చిన వాస్తు సిద్ధాంతి. బీరువా వెనక గోడకి చెమ్మ ఉందా అని ఒకరు, దేవుడి గది ఏ మూలన ఉందని ఇంకొకరు. ఇదేమిటండీ అంటే "ఓనరు గారికి చెప్పే వచ్చాం" అంటారు. ఓనరుకి చెప్తే చాలా, లోపల ఉంటున్నవాళ్లకి చెప్పక్కర్లేదా?

నేను లాయర్ని కాదు, కోడు రాసుకు బతికేవాణ్ణి. కానీ ఈ ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తే నాలుగు వందల ఏళ్ల కథ దొరికింది. మన చట్టాల పుట్టిల్లు ఇంగ్లండే కాబట్టి అక్కణ్ణుంచే మొదలెడతాను.

1604లో లండన్లో సెమేన్ కేసని ఒకటి జరిగింది. బాకీ వసూలుకి షెరీఫ్ వచ్చినా సరే, ఇంటి వీధి తలుపు బద్దలుకొట్టి లోపలికి రాకూడదని అందులో తేల్చారు. ఎవరిల్లు వారికి కోట అనే మాట ఈ కేసుతోనే ప్రసిద్ధికెక్కింది. బానే ఉంది కదా! కానీ అదే దేశంలో ఇంటి ఓనరుకి ఇంకో ఆయుధం ఉండేది. అద్దె బాకీ పడితే కోర్టుకి వెళ్లకుండానే ఇంట్లో సామాను జప్తు చేసుకోవచ్చు. తలుపు పగలగొట్టకూడదు, రాత్రిపూట రాకూడదు, అంతే. మొదట్లో ఆ సామాను తాకట్టులా అట్టేపెట్టుకోవాలి తప్ప అమ్మకూడదు. 1689లో ఆ అడ్డు కూడా పోయింది. 5 రోజుల్లో బాకీ కట్టకపోతే అమ్ముకోవచ్చన్నారు. రాత్రికి రాత్రి సామాను దాటించేస్తే 30 రోజుల దాకా వెంటపడి పట్టుకోవచ్చని 1737లో ఇంకో చట్టం.

ఇంకా అన్యాయం ఏంటంటే, ఆ సామాను ఎవరిదని చూసేవాళ్లు కాదు. ఇల్లంతా అద్దెకి తీసుకున్నవాడు ఒక గది మీకిచ్చాడనుకోండి. మీరు అతనికి పైసాతో సహా అద్దె కట్టేశారు. అతను అసలు ఓనరుకి ఎగ్గొడితే పోయేది మీ మంచం! దీనికి మందు 1871లో గానీ రాలేదు. బట్టలు, పరుపులు, పనిముట్లు 5 పౌన్ల విలువ వరకూ ముట్టుకోకూడదని 1888లో అన్నారు. ఇంగ్లండులో ఈ జప్తు పద్ధతి పూర్తిగా రద్దయింది ఎప్పుడో తెలుసా? చట్టం 2007లో చేశారు, అమల్లోకి వచ్చింది 2014 ఏప్రిల్లో. అదీ నివాసాలకే. దుకాణాలకీ ఆఫీసులకీ కొత్త నిబంధనలతో వేరే పద్ధతి పెట్టారు.

అంటే వందల ఏళ్ల పాటు చట్టం దృష్టిలో కిరాయిదారు సామాను ఓనరు అద్దెకి పూచీకత్తు. "నా ఇంట్లో ఉన్నది నాకు హామీ" అన్నమాట. ఇప్పటికీ మన ఓనర్ల మనసులో ఉన్నది ఇదేనని నా అనుమానం.

ఇక అమ్మకం దగ్గరికొద్దాం. ఖాళీ ఇంటికి ఒక ధర, మనుషులున్న ఇంటికి ఇంకో ధర. ఈ తేడాయే అసలు రోగం. 1957లో బ్రిటన్ అద్దె నియంత్రణని సడలించింది. పాతవాళ్లు ఖాళీ చేస్తే కొత్తవాళ్లకి ఎంత అద్దెకైనా ఇవ్వచ్చు. లండన్ నాటింగ్ హిల్‌లో పీటర్ రాక్‌మన్ అనే ఆయన పాతవాళ్లున్న ఇళ్లు కొని, వాళ్లని వేధించి వెళ్లగొట్టడంలో ఎంత పేరు పొందాడంటే, ఆయన పేరు మీద ఇంగ్లీషు నిఘంటువులో ఒక మాటే పుట్టింది. ఆయన 1962లో పోయాడు, మరుసటి ఏడాది ఆ గొడవంతా పత్రికలకెక్కింది. 1965లో కిరాయిదార్లని వేధించడం నేరమని చట్టం వచ్చింది.

మనవాళ్లు బోలెడంతమంది ఉన్న కాలిఫోర్నియా సంగతి చూడండి. ఒకావిడ రెండు నెలల అద్దె బాకీ పడింది. ఆవిడ లేనప్పుడు ఓనరు తన తాళంచెవితో తలుపు తీసి, సామానంతా గోడౌనుకి తరలించాడు. అగ్రిమెంటులో ఆ హక్కు రాసుంది కదా అన్నాడు. 1961లో అక్కడి సుప్రీంకోర్టు, ఆ షరతు చూపించి ఎవరికి వారే ఇంట్లోకి దూరడం చెల్లదంది. 1975లో అక్కడి సివిల్ కోడులో 1954వ సెక్షన్ చేరింది. కొనేవాళ్లకి ఇల్లు చూపించే హక్కు ఓనరుకుంది, మనం కాదనలేం. కానీ ముందుగా చెప్పాలి (24 గంటలు సబబైన గడువు), మామూలు పనివేళల్లో రావాలి, ఆ హక్కుని వేధింపుకి వాడకూడదు. మా భాషలో చెప్పాలంటే ఓనరు దగ్గర పాస్‌వర్డ్ ఉంది, లాగిన్ అవడానికి మాత్రం రూల్సున్నాయి.

మరి మనకి? ఇది చదివి ఆశ్చర్యపోయాను. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, అద్దె కడుతూ షరతులు పాటిస్తున్నంత కాలం కిరాయిదారు ఏ ఆటంకం లేకుండా ఉండచ్చు. ఓనరు వచ్చి ఇంటి పరిస్థితి చూసుకోవచ్చు, అయితే సమంజసమైన వేళల్లో. 109వ సెక్షన్ ప్రకారం ఇల్లు అమ్మేస్తే కొన్నవాడు పాత ఓనరు స్థానంలోకి వస్తాడు. అమ్మినంత మాత్రాన కిరాయి ఒప్పందం ఎగిరిపోదు. అమ్మిన సంగతి తెలీక పాత ఓనరుకే అద్దె కట్టేస్తే మళ్లీ కట్టక్కర్లేదు. నూట నలభై ఏళ్లుగా ఉంది ఇది! అయితే ఒక మెలిక. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతేనే ఇవి వర్తిస్తాయి. మనమేమో స్టాంపు పేపరు మీద 11 నెలల అగ్రిమెంటు చదవకుండానే సంతకం పెడతాం.

2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం, ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు రాతపూర్వకంగానో ఎలక్ట్రానిక్‌గానో నోటీసివ్వాలంటుంది. కానీ అది నమూనా మాత్రమే. రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే పనికొస్తుంది.

ఓనర్ల బాధ నాకు తెలీక కాదు. ఇల్లు చూపించకపోతే ఎవరు కొంటారు? పిల్ల పెళ్లికో, ఆపరేషన్‌కో అమ్ముకునేవాళ్లూ ఉంటారు. వాళ్లకి అడ్డుపడమని అనట్లేదు. ముందు రోజు ఒక ఫోను చేస్తే వాళ్ల సొమ్మేం పోదు. ఇవాళ సామాను ఎవరూ జప్తు చెయ్యట్లేదు, ఫొటోలు తీసి ప్రకటనలో పెట్టేస్తున్నారు. మన మంచం, మన దేవుడి పటాలు, తలుపు మీద పిల్లాడి స్కూలు టైంటేబులు, అన్నీ ఊరందరికీ కనిపిస్తాయి. మనల్ని అడిగే నాథుడే ఉండడు. 

అందుకని ఈసారి అగ్రిమెంటు రాసుకునేటప్పుడు మూడు వాక్యాలు అదనంగా రాయించండి. ఇల్లు చూపించాలంటే ఒకరోజు ముందు చెప్పాలి, మేము లేనప్పుడు తలుపు తియ్యకూడదు, మా సామాను ఫొటోలు మమ్మల్ని అడక్కుండా తియ్యకూడదు. అన్నట్టు, ఇల్లు అమ్మితే అడ్వాన్సు ఎవరు తిరిగివ్వాలో కూడా అక్కడే రాయించుకోండి. మంచి ఓనరైతే వీటికి అభ్యంతరం చెప్పడు. చెప్పాడంటే, ఆ ఇంట్లో దిగకముందే మీకో సంగతి తెలిసిపోయినట్టే.