మహమ్మారి రోజుల్లో ఖర్చుల లెక్క: కార్డు చెప్పినది, చెప్పనిది

ప్రజలు దేనికెంత ఖర్చు పెడుతున్నారో తెలుసుకొనేందుకు మన దేశంలో 1950లో జాతీయ నమూనా సర్వే ఏర్పడింది. సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి బియ్యం, పప్పు, బట్టలు, మందులు అన్నీ అడిగి రాసుకొనేవారు. 2020లో కరోనా ఈ పద్ధతికి అడ్డుపడింది. ధరల సేకరణకు సిబ్బంది బజారుకు వెళ్ళడం కూడా మార్చి 19 నుండి ఆగిపోయింది.

అప్పుడు పలు దేశాల ఆర్థికవేత్తలు బ్యాంకు కార్డుల వైపు చూశారు. కార్డు వాడిన ప్రతిసారీ తేదీ, మొత్తం, దుకాణం రకం బ్యాంకులో నమోదవుతాయి. పేర్లు తీసివేసి వాటిని కూడితే కొద్ది రోజుల్లోనే బజారు నాడి దొరుకుతుంది. ఒక బ్యాంకు ఖాతాదారుల లెక్కల ప్రకారం దుకాణాలు మూయించిన డెన్మార్కులో ఖర్చు సుమారు 29 శాతం, అంతగా మూయించని స్వీడన్‌లో సుమారు 25 శాతం తగ్గింది. అనగా ప్రభుత్వ ఆజ్ఞ కంటే రోగభయమే జనాన్ని ఎక్కువగా ఆపిందన్నమాట.

మన రిజర్వు బ్యాంకు కూడా 2020 జూన్ నుండి చెల్లింపుల వివరాలను ఏ రోజుకారోజు ప్రకటించసాగింది. ఫోను ద్వారా జరిగే యూపీఐ చెల్లింపులు ఫిబ్రవరిలో 132 కోట్లు కాగా, ఏప్రిల్‌లో 100 కోట్లకు దిగి, జూన్‌లో 133 కోట్లకు చేరాయి. ఏప్రిల్-జూన్ మాసాల్లో దేశ ఉత్పత్తి 23.9 శాతం పడిపోయిందన్న తొలి అంచనా మాత్రం ఆగస్టు 31న గాని రాలేదు.

అయితే నోట్లు ముట్టుకోవడానికి జంకి కార్డుకు మారినవారి వల్ల, ఖర్చు పెరగకున్నా పెరిగినట్లు కనిపించవచ్చు. ఇక మన కాశిబుగ్గ వంటి చోట కూరగాయల బండి, కిరాణా కొట్టు అరువు ఖాతా ఏ యంత్రానికి తెలుస్తాయి? ఆ రోజుల్లో ఆహార భద్రత కార్డుదారులకు రాష్ట్ర ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1500 రూపాయలు ఇచ్చింది. ఆ సొమ్ము నగదుగా చేతికొచ్చాక దేనికి ఖర్చయిందో కార్డు లెక్కల్లో లేదు. అప్పుడే మన పెన్షన్లలో మొదట సగం, తరువాత 25 శాతం చెల్లింపు వాయిదా పడిన సంగతి సభ్యులకు విదితమే. అందువల్ల ఏ ఇంట పాలు తగ్గించుకున్నారో, ఏ ఇంట మందులు సగానికి కొన్నారో ఆ లెక్కలు చెప్పవు.

చెప్పగలిగినవి మన జమాఖర్చుల పుస్తకాలే. 2020 నాటి పద్దు పుస్తకం ఎవరింట ఉన్నా పాత కాగితాలవానికి వేయవద్దని, పిల్లలకు చూపి భద్రపరచవలసిందని పెద్దలకు మనవి. రేపటి చరిత్రకారునికి కార్డు లెక్క ఎంత అవసరమో, అదీ అంతే అవసరం.