దిద్దిన కాగితాలు, దాచిన ఫలితాలు

పరీక్ష కోసం రాసిన సమాధానాలకు యూనివర్సిటీ రికార్డుల్లో ఏదో ఒక ఆనవాలు ఉంటుంది. కనీసం ఉత్తీర్ణుల జాబితా అయినా మిగులుతుంది. పరీక్షకు ముందు రాసి, ఎవరికో చూపించి, దిద్దించుకుని, మళ్లీ రాసిన వ్యాసాలు మాత్రం ఏ రికార్డులోనూ ఉండవు. స్త్రీల ఉన్నతవిద్య చరిత్ర చదువుతున్నప్పుడల్లా నా మనసు ఆ పోయిన కాగితాల మీదికే వెళ్తుంది. ఎందుకంటే స్త్రీలకు యూనివర్సిటీలు మొదట పెట్టినవి దాదాపు అన్నీ అభ్యాస పరీక్షలే. మగపిల్లవాడు నేరుగా పరీక్షకు కూర్చున్నాడు. ఆడపిల్ల మాత్రం తాను పరీక్ష రాయగలనని నిరూపించడానికి ముందు మరో పరీక్ష రాయాల్సి వచ్చింది.

ఇంగ్లండులో మగపిల్లల కోసం కేంబ్రిడ్జి స్థానిక పరీక్షలు 1858లో మొదలయ్యాయి. వాటిలోకి ఆడపిల్లల్నీ రానివ్వమని ఎమిలీ డేవిస్, ఆమె మిత్రురాళ్లు ఒక కమిటీగా ఏర్పడి అడిగారు. యూనివర్సిటీ అవుననలేదు, కాదనలేదు. 1863 డిసెంబరులో ఒక్కసారి, అనధికారికంగా, అవే ప్రశ్నపత్రాలు ఇచ్చి చూద్దామంది. తయారీకి దొరికిన గడువు సుమారు ఆరు వారాలు. 83 మంది ఆడపిల్లలు లండన్‌లో ఆ పరీక్ష రాశారు. పెద్ద తరగతికి కూర్చున్న 40 మందిలో 34 మంది అంకగణితంలో తప్పారు.

ఈ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోతాను. దీన్ని రెండు రకాలుగా చదవవచ్చు. ఆడవాళ్ల బుర్రకు లెక్కలు ఎక్కవని చదవడం ఒక పద్ధతి. ఆనాటికి అదే అలవాటైన చదువు. ఆడపిల్లల బడుల్లో లెక్కలు సరిగా చెప్పడం లేదని చదవడం రెండో పద్ధతి. డేవిస్ వర్గం రెండో పద్ధతిలో చదివింది. ఓటమిని దాచుకోలేదు, దాన్నే సాక్ష్యంగా వాడుకుంది. 1864లో మాధ్యమిక విద్య మీద ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఆడపిల్లల బడుల్నీ పరిశీలించేలా డేవిస్ పట్టుబట్టి సాధించింది. 1865లో ఆ పరీక్షలు ఆడపిల్లలకు అధికారికంగా తెరుచుకున్నాయి. అంటే 83 మంది అమ్మాయిల అభ్యాస పత్రాల మీద వచ్చిన వ్యాఖ్య ఆ అమ్మాయిల దగ్గరే ఆగిపోకుండా, వాళ్లకు చదువు చెప్పిన వ్యవస్థకు చేరింది. తప్పు ఎవరిదో సరిగ్గా గుర్తించిన దిద్దుబాటు అది.

మన దేశంలో ఇదే కథ కలకత్తాలో జరిగింది. 1876లో డెహ్రాడూన్‌లో చదువుతున్న చంద్రముఖి బసు ఎంట్రన్సు పరీక్ష రాస్తానని దరఖాస్తు పెట్టింది. కలకత్తా యూనివర్సిటీ నియమాల్లో ఆడపిల్ల అన్న ఊహే లేదు. చివరికి రాయనిచ్చారు కానీ ఆమెను అభ్యర్థిగా లెక్కించలేదు. పరీక్షకులు ఆమె స్థాయి సరిపోయిందన్నారు. అయినా ఉత్తీర్ణుల జాబితాలో ఆమె పేరు లేదు. అసలు పరీక్షే రాసినా దాన్ని అభ్యాస పరీక్ష కింద జమకట్టారన్నమాట.

ఆ తర్వాత బంగ మహిళా విద్యాలయంలో చదువుతున్న కాదంబిని బసు, సరళా దాస్‌ల వంతు వచ్చింది. వాళ్లు ఎంట్రన్సుకు తగినవాళ్లేనా అని తేల్చడానికి యూనివర్సిటీ ముందుగా ఒక పరీక్ష పెట్టింది. ఇద్దరూ తగినవాళ్లే అని తేలింది. వాళ్ల ఉపాధ్యాయుడు ద్వారకానాథ్ గంగూలీ, తగిన పాఠ్యపుస్తకాలు లేకపోతే తానే రాసి చదివించాడు. 1878లో యూనివర్సిటీ సెనేట్ స్త్రీలను పరీక్షలకు అనుమతించింది. కాదంబిని ఆ ఏడాదే ఎంట్రన్సు పాసయింది, మొదటి తరగతి ఒక్క మార్కుతో తప్పింది. సరళకు ఈలోపు పెళ్లయింది. ఆమె పరీక్షకు కూర్చోలేదు.

చరిత్రలు కాదంబిని గురించి ఘనంగా చెబుతాయి. చెప్పాలి కూడా. ఆమె కోసం బెథూన్ స్కూల్లో కాలేజీ తరగతులు పెట్టారు. ఆమే, చంద్రముఖే 1883లో పట్టాలు అందుకున్న తొలి మహిళా బి.ఏ.లు. నాకు మాత్రం సరళ గుర్తొస్తుంది. ముందు పరీక్షలో సరిపోతావని చెప్పించుకుని, అసలు పరీక్షకు వెళ్లని అమ్మాయి. ఆ సరళా రాయ్ 1920లో కలకత్తాలో గోఖలే మెమోరియల్ బాలికల పాఠశాల స్థాపించింది. తన చేతికందకుండా పోయిన ప్రశ్నపత్రాన్ని ఎందరో అమ్మాయిల చేతికి అందించింది.

అభ్యాస వ్యాసం దిద్దడం ఒక ఉద్యమ రూపం తీసుకున్న సందర్భం కూడా ఒకటుంది. 1869లో కేంబ్రిడ్జి, పద్దెనిమిదేళ్లు దాటిన స్త్రీల కోసం ఒక పైస్థాయి పరీక్ష మొదలుపెట్టింది. పల్లెల్లో, చిన్న ఊళ్లలో ఉన్న ఆడవాళ్లకు చదువు చెప్పేవాళ్లెవరు? 1870 తర్వాత ఆనెట్ పీల్ అనే ఆమె ఆధ్వర్యంలో ఉత్తరాల ద్వారా బోధన సాగింది. ఇంట్లో కూర్చుని చదివి, సమాధానం రాసి టపాలో పంపితే, అధ్యాపకులు దిద్ది, వ్యాఖ్యలు రాసి తిప్పి పంపేవారు. గడప దాటే వీల్లేని స్త్రీ రాసిన వాక్యాన్ని, ఆమె కూతురు, భార్య, తల్లి అన్న సంగతితో పనిలేకుండా, వాక్యంగా మాత్రమే చదివే మనిషి ఒకరు దొరికారు. ఇది చిన్న సంగతి కాదు.

ఈ పరీక్ష విషయంలోనే ఉద్యమం రెండుగా చీలింది. స్త్రీలకు విడిగా పరీక్ష పెట్టడాన్ని డేవిస్ ఒప్పుకోలేదు. కొలత వేరైతే విలువ తగ్గుతుందని ఆమె వాదన. అందుకే 1869లో హిచిన్‌లో తాను అయిదుగురు విద్యార్థినులతో మొదలుపెట్టిన కాలేజీలో, మగవాళ్లు రాసే గ్రీకు, లాటిన్ పత్రాలే రాయించింది. తర్వాత గిర్టన్ అయింది ఆ కాలేజీయే. న్యూనమ్ కాలేజీ పునాది వేసిన ఆన్ క్లఫ్, హెన్రీ సిడ్జ్‌విక్‌లు మాత్రం, పనికిరాని కొలతతో ఆడవాళ్లను కూడా ఎందుకు కొలవాలన్నారు. ఎవరిది సరైన దారి? ఏ దారిన వెళ్లినా కేంబ్రిడ్జి స్త్రీలకు పూర్తి పట్టాలిచ్చింది 1948లోనే. కానీ ఆ ప్రశ్న ఇప్పటికీ ప్రతి ఎర్ర సిరా గీత వెనకా ఉంది.

నాకు ఆ సంగతి అనుభవంలోకి వచ్చింది. ఇంటర్ పూర్తిచేసిన ఒక అమ్మాయి, ప్రవేశానికి వ్యాసం అడిగే ఒక ప్రైవేటు యూనివర్సిటీకి తయారవుతూ తన అభ్యాస వ్యాసం నాకు చూపించింది. విషయం ‘నీటి సంక్షోభం’. వాళ్లమ్మ తెల్లవారుజామున బోరింగు దగ్గర బిందెలు వరసలో పెట్టడం, ఆ వరసలో ఎవరి బిందె ముందుండాలో కులం నిర్ణయించడం రాసింది. అంతకుముందే కోచింగ్ సెంటరులో దిద్దిన కాపీ అది. ఆ పేరా చుట్టూ గీత గీసి పక్కన ‘అప్రస్తుతం, సొంత గోడు వద్దు’ అని రాసి ఉంది. రెండో పేజీలో అక్షరదోషాలున్నాయి, ముగింపు హడావుడిగా ఉంది. వాటి గురించి ఒక్క మాటా లేదు.

నేను దోషాలన్నీ గుర్తుపెట్టాను. ముగింపు మళ్లీ రాయమన్నాను. బిందెల పేరాను మొదటికి తెమ్మన్నాను. “మరి వాళ్లు వద్దన్నారు కద మేడమ్?” అంది. వాళ్లు వద్దన్నది నీ వాదనకు ఆధారాన్ని అని చెప్పాను. ఆ పిల్లకు సీటు వచ్చిందా రాలేదా అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. దిద్దేవాళ్లు రెండు పనులు వేర్వేరుగా చేయాలన్నది నా మాట. వాక్యంలో ఉన్న లోపాన్ని జాలిపడకుండా చూపించాలి. అందులో డేవిస్‌ది సరైన మాట. అనుభవాన్ని లోపంగా లెక్కకట్టడం మాత్రం మానుకోవాలి. అందులో ఆమె ప్రత్యర్థులది సరైన మాట.

ఇవాళ మన పిల్లలు రాసే ప్రవేశ పరీక్షల్లో చాలావాటిలో వ్యాసమే లేదు. నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవడమే. దాన్ని యంత్రం దిద్దుతుంది కనుక పక్షపాతం ఉండదంటారు. ఆ మాటలో కొంత నిజముంది, చంద్రముఖి పేరును యంత్రం దాచి ఉండేది కాదు. కానీ బిందెల వరస గురించి చెప్పడానికి ఆ నాలుగు జవాబుల్లో చోటు లేదు. రాసి చూపించే కాగితం లేనిచోట, చదివి తిరిగి ఇచ్చే మనిషి కూడా ఉండరు. ఆ మనిషి కోసం స్త్రీలు ఒకప్పుడు టపా బండ్ల మీద ఆధారపడ్డారు. మన తరగతి గదుల్లో, మన ఇళ్లలో, ఆ పని చేయడానికి మనకు అంతదూరం కూడా లేదు.