సెకండ్‌లో తిప్పు

మా మేనకోడలు మొదటిసారి డ్రైవింగ్ టెస్టు తప్పింది. తప్పు నాది. ముందురోజు రాత్రి అన్నం తింటూ నేనే చెప్పాను: "యూటర్న్ దగ్గర బండి ఆపకు తల్లీ, సెకండ్‌లో ఉంచి హాఫ్ క్లచ్ మీద తిప్పెయ్." పొద్దున బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు ట్రాక్ చివర బండి తిప్పమన్నాడు. అమ్మాయి నా మాట మీద సెకండ్‌లోనే ఉంచింది. స్టీరింగ్ సగం తిరిగేసరికి వేగం చచ్చిపోయింది. బండి రెండు ఎగురులు ఎగిరి ఆగింది. మళ్ళీ స్టార్ట్ చేసింది, మళ్ళీ సెకండే, మళ్ళీ ఆగింది. ఆయన ఏమీ అనలేదు, కాగితం మీద ఒక గీత గీశాడు.

దిగి నేరుగా నా దగ్గరికే వచ్చింది. "మామయ్యా, అందరూ ఫస్టే అంటున్నారు. నువ్వు సెకండ్ ఎందుకు చెప్పావు?"

1978లో లైసెన్సు తీసుకున్నవాణ్ణి. జీపు నడిపాను, అంబాసిడర్ నడిపాను, పదేళ్ళు డ్రైవింగ్ స్కూల్లో పక్క సీట్లో కూర్చుని పిల్లలకు నేర్పాను. అయినా జవాబు నోటికి రాలేదు. మా గురువు నాకు చెప్పాడు, నేను దానికి చెప్పాను, అంతే. ఒకసారి తప్పితే మళ్ళీ టెస్టుకు రావడానికి చట్టం 7 రోజులు ఆగమంటుంది. మూడుసార్లు తప్పితే 60 రోజులు. మాకు దొరికిన ఆ వారం రోజుల్లో, నా సెకండ్ గేరు ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించుకున్నాను.

అది జీపులోంచి వచ్చింది.

కొత్తగూడెంలో రైల్వే స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. కొత్తగా వచ్చిన భక్తులు రైలు దిగి "గుడి ఏదీ?" అని అడిగేవాళ్ళు. గుడి ఇంకా నలభై కిలోమీటర్లు, మధ్యలో పాల్వంచ, అడవి, గోదావరి. ఆ నలభై కిలోమీటర్ల మీద బతికిన జీపుల్లో ఒకదానికి 1976లో నేను క్లీనర్ని. మా గురువు అంతకు ముందు వెదురు లారీల మీద పనిచేసిన మనిషి. మాట తక్కువ, చెయ్యి ఎక్కువ. గేరు కరకరలాడిందంటే నెత్తిన మొట్టికాయ పడేది.

ఆ పెట్రోలు జీపు మహీంద్రా వాళ్ళు విల్లీస్ నమూనా మీద తయారు చేసింది. ముందుకు మూడు గేర్లే. రాడ్డును ఎడమకు నెట్టి వెనక్కి లాగితే ఫస్టు, అదే గీతలో ముందుకు తోస్తే రివర్సు. కుడి గీతలో ముందు సెకండు, వెనక టాపు. సెకండుకీ టాపుకీ సింక్రోమెష్ ఉంది, ఫస్టుకి లేదు. లోపల ఏం జరుగుతుందో చెబితే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. గేరు మార్చేటప్పుడు ఒకదానితో ఒకటి కలవాల్సిన రెండు భాగాలు వేర్వేరు వేగాల్లో తిరుగుతుంటాయి. సింక్రోమెష్ ఉన్నచోట ఒక ఇత్తడి రింగు ముందుగా రాసుకుని రెంటి వేగాన్నీ సమానం చేస్తుంది, తర్వాతే పళ్ళు కలుస్తాయి. అది లేనిచోట పళ్ళు పళ్ళనే కొరుకుతాయి. కదిలే బండిలో ఫస్టు వెయ్యాలంటే డబుల్ క్లచ్ కొట్టాలి: క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసి, క్లచ్ వదిలి ఒకసారి ఎక్సలేటర్ ఇచ్చి, మళ్ళీ క్లచ్ తొక్కి ఫస్టు వెయ్యడం. సంత రోజున పన్నెండు మంది, నాలుగు కోళ్ళు, ఒక మేక ఉన్న జీపుని మలుపులో తిప్పుతూ రెండు కాళ్ళతో ఈ భరతనాట్యం ఎవరు చేస్తారు? వేగం తగ్గించి సెకండ్‌లోనే తిప్పేసేవాళ్ళు. తక్కువ వేగంలో కూడా గునుస్తూ లాగే ఇంజన్ అది. నడక వేగానికి దించినా సెకండ్‌లో చచ్చేది కాదు. "ఫస్టు కావాలంటే బండి ఆపు. ఆపడం ఇష్టం లేకపోతే సెకండ్‌లో తిప్పు." మా గురువు చెప్పిన మాట పూర్తిగా ఇది. సగం నేను మర్చిపోయి, మిగిలిన సగాన్ని మా అమ్మాయికి అప్పజెప్పాను.

తర్వాత నేను పట్టిన పాత అంబాసిడర్‌దీ ఇదే జబ్బు. గేరు రాడ్డు స్టీరింగ్ కిందే ఉండేది, నాలుగు గేర్లు, ఫస్టుకు మాత్రం సింక్రోమెష్ లేదు. పెళ్ళి కారుగా పోతే పెళ్ళికొడుకు చెవిలో ఆ కరకర పడకూడదని డ్రైవర్లు సెకండ్ వదిలేవాళ్ళు కాదు. లోకంలో సింక్రోమెష్ కొత్తదేమీ కాదు, అమెరికాలో కాడిలాక్ కార్లకు 1928లోనే పెట్టారు. మన దగ్గర మాత్రం ఫస్టు గేరు దాకా అది రావడానికి, మాబోటి మామూలు డ్రైవర్ల చేతికి అందడానికి, 1983లో మారుతి 800 రావాల్సి వచ్చింది. నాలుగు గేర్లకూ రింగులున్న ఆ చిన్న కారు చేతికి వచ్చినరోజు నేను నమ్మలేక, మెల్లగా పోతున్న బండిలో టాపు నుంచి వరసగా ఫస్టు దాకా దించి చూశాను. వెన్నలో కత్తిలా దిగింది. కానీ ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంది. 796 సీసీ, మూడు సిలిండర్లు. నడక వేగంలో సెకండ్ వేస్తే వణికి ఆగేది. జీపులో తప్పయిన ఫస్టు ఇందులో ఒప్పు, జీపులో ఒప్పయిన సెకండు ఇందులో తప్పు. గేరు పెట్టె మారిపోయినా నా నోటి మాట మారలేదు. నాతోపాటు డ్రైవింగ్ స్కూళ్ళలో చేరిన పాత జీపు డ్రైవర్లు ఎంతమంది ఎన్ని టెస్టులు తప్పించి ఉంటారో!

అసలు ఏజెన్సీ రోడ్ల మీద "యూటర్న్" అనే మాటే మా గురువు నోట వినలేదు. "బండి తిప్పు" అనేవాడు. లెక్క వేసి చూడండి. అంబాసిడర్ తిరిగే వృత్తం వ్యాసార్ధం 5.4 మీటర్లు, అంటే అడ్డంగా దాదాపు 11 మీటర్ల జాగా కావాలి. మారుతి 800కి 4.4 మీటర్లు, అంటే దాదాపు 9. మన దగ్గర సింగిల్ రోడ్డు తారు వెడల్పు 3.75 మీటర్లు, డబుల్ రోడ్డయినా 7. దుమ్ముగూడెం, చర్ల వైపు లోపలి దారుల్లో ఆనాడు ఆ తారు కూడా లేదు, ఎడ్లబండి గాడి మీద టైరు గాడి. అక్కడ ఒక్క తిప్పులో బండి తిరగాలంటే అడవిని కొంచెం జరగమనాలి. ముందుకు, వెనక్కు, ముందుకు, వెనక్కు. అదొక్కటే దారి.

ఒక మే నెల రాత్రి గుర్తుంది. తునికాకు కల్లం దగ్గరికి కూలీలను దించడానికి పోయాం. ముందు వాగు మీద చప్టా కొట్టుకుపోయి ఉంది. ఒక పక్క గట్టు, ఒక పక్క పల్లం. నేను దిగి వెనక నిలబడ్డాను, ఒక చేతిలో టార్చిలైటు, ఒక చేతిలో రాయి. గురువు బండి ముక్కును పల్లం వైపే తిప్పాడు. నాకు భయమేసింది. "పల్లం కళ్ళముందుండాలిరా, గట్టు వీపు వెనకుండాలి. కనబడే దాంట్లో ఎవడూ పడడు" అన్నాడు. ఫస్టు వేసి, స్టీరింగ్ ఫుల్లుగా కుడికి కొట్టి పల్లం అంచు దాకా వచ్చాడు. ఆగడానికి జానెడు ముందే, చక్రం ఇంకా దొర్లుతుండగానే, స్టీరింగ్ ఎడమకు తిప్పేశాడు. పవర్ స్టీరింగ్ లేని రోజులు, ఆగిన బండిలో ఆ చక్రాన్ని తిప్పితే భుజం ఊడొస్తుంది. ఆగగానే నేను ముందుకు పరుగెత్తి టైరు ముందు రాయి పెట్టాను. రాడ్డు అదే గీతలో ముందుకు తోశాడు, రివర్సు. "రానీ... రానీ... రానీ... హోల్డాన్!" గట్టు మట్టి బంపరుకు తగిలింది. మళ్ళీ వెనక్కి లాగాడు, ఫస్టు. ఫస్టూ రివర్సూ ఒకే గీతలో ఎందుకు పెట్టారో ఆ రాత్రి నాకు అర్థమైంది. ఐదు ఊపుల్లో జీపు ముఖం ఊరివైపు తిరిగింది. ఆ ఐదింట్లోనూ సెకండ్ గేరుకు పనే పడలేదు.

ఇదంతా చట్టం పుస్తకంలో ఉందని నాకు డ్రైవింగ్ స్కూల్లో చేరాకగానీ తెలియలేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వది డ్రైవింగ్ టెస్టు గురించి. లైసెన్సు అడిగేవాడు ఏమేం చేసి చూపించాలో అందులో వరసగా రాసి ఉంది. ఎత్తు మీద ఆపి వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించడం, ఇరుకు సందులోకి రివర్సులో పోనివ్వడం, ఆ వరసలోనే ఇదీ: ముందు గేర్లూ రివర్సు గేరూ వాడి బండి ముఖాన్ని ఎదురు దిక్కుకు తిప్పడం. ఎన్నో గేరులో తిప్పాలో అందులో లేదు. బ్రిటన్‌లో 1935లో డ్రైవింగ్ టెస్టు తప్పనిసరి చేసినప్పటి పరీక్షలో ఉన్న విద్యే ఇది. వాళ్ళు 2017 డిసెంబరులో తమ టెస్టు నుంచి దీన్ని తీసేశారు, మన పుస్తకంలో నిలిచింది. లండన్ సందుల కోసం పుట్టిన వాక్యం చర్ల అడవికి ఇంత అతికినట్టు సరిపోవడం నాకు ఇప్పటికీ వింతే.

ఈ ప్రాంతంలో బండి తిప్పడం రోడ్డు వెడల్పుతో మాత్రమే వచ్చిన విద్య కాదు. గోదావరి కూడా నేర్పింది. 1948 దాకా ఈ ఒడ్డు నిజాం రాజ్యం, ఆ ఒడ్డు మద్రాసు రాష్ట్రం. 1959 దాకా కూడా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలోనే ఉంది, ఆ ఏడే ఖమ్మం జిల్లాలో కలిసింది. ఏటి మీద వంతెన 1965లో వచ్చింది, రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. అంతకు ముందు మనుషులు పడవెక్కేవాళ్ళు, బండి ఒడ్డున తిరిగి పోయేది. ఇసుక కలిసిన ఆ రేవులో ఫస్టు వేసి గట్టిగా తొక్కితే చక్రం దిగబడిపోయేదని, అక్కడ సెకండ్‌లో మెత్తగా లాగాలని మా గురువు చెప్పేవాడు. సెకండ్ మీద ఆయన ప్రేమకు ఆ ఇసుక కూడా ఒక కారణమేమో.

వంతెన వచ్చాక కూడా గోదారి అప్పుడప్పుడు "వెనక్కి పో" అంటూనే ఉంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు, దాన్నిబట్టి ఊహించుకోండి. అప్పుడు నేను సారపాకకు ఇవతలే ఆగిపోయాను. ముందు నీళ్ళు, వెనక లారీల వరస. కాగితం మిల్లుకు వెదురు తెచ్చిన లారీలు ఒక్కొక్కటీ తిరగడానికి పది పన్నెండు ఊపులు పట్టాయి. వెదురు బొంగులు వెనక బారెడు పొడుచుకొచ్చి ఉంటాయి కదా, క్లీనర్ల "హోల్డాన్"లు వానలో వినపడక ఒక లారీ వెదురు ఇంకో లారీ అద్దంలో దిగింది. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు వంతెన మీద రాకపోకలే ఆపేశారు. అప్పటికి నేను స్టీరింగ్ వదిలేశాను, టీవీలో చూశాను.

2014లో ఇంకో మలుపు. పోలవరం ప్రాజెక్టు ముంపు కింద ఇక్కడి కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. ఎటపాక పట్టణాన్ని ఆనుకునే ఉంది, కానీ వేరే రాష్ట్రం. ఈ రోడ్డు మీద నా కళ్ళముందే నంబరు ప్లేటు ఏపీ 20 నుంచి టీఎస్ 04కి, కొత్త జిల్లాతో టీఎస్ 28కి మారింది, 2024 నుంచి కొత్త బండ్లకు టీజీ. దారి తప్పి వెనక్కి తిప్పుకునేవాడు ఒక్కోసారి రెండు రాష్ట్రాలు చూసి వస్తాడు.

సరే, మా అమ్మాయి సంగతి. ఆ వారంలో నాలుగు సాయంత్రాలు పాల్వంచ దాటించి కిన్నెరసాని వైపు సన్నటి తారు రోడ్డు మీదికి తీసుకుపోయాను. మొదటిరోజు ఒకటే చెప్పాను: సెకండ్ మాట మర్చిపో. మలుపుకు ముందే బ్రేకు, క్లచ్, ఫస్టు. వెనక అద్దంలో ఒకసారి, కుడి భుజం మీదుగా ఒకసారి చూడు. క్లచ్ సగం దగ్గర బండి తనంతట తాను లాగుతుంది, ఎక్సలేటర్ జోలికి పోకు, చేతులు చకచకా తిప్పు, బండి మెల్లగా పోనీ. వెడల్పాటి నాలుగు లైన్ల రోడ్డులో ఊపు మీద తిరిగేవాళ్ళకు సెకండ్ సరిపోతుంది, నీకు ఇంకా వద్దు. తర్వాత అడ్డంగా తిప్పించాను, పుస్తకంలో ఉన్నట్టు, ముందుకూ వెనక్కూ. మొదట ఏడు ఊపులు, తర్వాత ఐదు, నాలుగో సాయంత్రం మూడు. ఆగడానికి జానెడు ముందు స్టీరింగ్ తిప్పే విద్య కూడా చెప్పబోయాను. పవర్ స్టీరింగ్ ఉండగా ఎందుకంది. నిజమే. నేను మాత్రం పాత అలవాటుకొద్దీ చేతిలో రాయి పట్టుకుని వెనక నిలబడ్డాను.

"రాయి పడెయ్ మామయ్యా, హ్యాండ్ బ్రేక్ వేశాను" అని కిటికీలోంచి అరిచింది.

ఎనిమిదో రోజు అదే ట్రాక్, అదే బ్రేక్ ఇన్‌స్పెక్టర్. 8 వేయించాడు, రివర్సు చూశాడు, ఎత్తు మీద ఆపించి కదిలించమన్నాడు, పాసన్నాడు. యూటర్న్ అడగనే లేదు.